రెండు తాళాల కారు

గేటు చప్పుడైతే ముందు కిటికీ తెర సందులోంచి చూస్తాను. వచ్చినవాళ్ళ చెప్పులు, చేతిలోని సంచి, ముఖం, అదే వరసలో పరిశీలించిన తర్వాతే గొళ్ళెం తీస్తాను. మా ఆయన దీన్ని పోలీసు బుద్ధి అంటాడు. ఆయనది పూర్తిగా వేరే తంతు. బెల్లు మోగితే చాలు, ఎవరో ఏమిటో అడగకుండా తలుపు బార్లా తీసి రండి రండి అంటాడు. అట్లా వచ్చి మా సోఫాలో కూర్చున్నవాళ్ళలో నీళ్ళ ఫిల్టర్లు అమ్మేవాళ్ళున్నారు, ఓటు అడగడానికి వచ్చి భోజనం చేసి పోయినవాళ్ళున్నారు. ఒకసారి పక్క వీధి పెళ్ళికి పోవాల్సిన కుటుంబం దారి తప్పి మా ఇంట్లోకి వస్తే, వాళ్ళకు ఉప్మా పెట్టి, చదివింపుల సంచి మోసుకుంటూ పెళ్ళి దాకా దిగబెట్టి వచ్చాడు. నిజామాబాద్ కంఠేశ్వర్‌లో ఇన్నేండ్లుగా మా ఇల్లు నిలబడి ఉందంటే అది నా అనుమానం వల్లనే అని నా నమ్మకం.

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం వచ్చిన మనిషిని కూడా మా ఆయనే లోపలికి పిలిచాడు. నేను వంటింట్లోంచి వచ్చేసరికి అతను చెప్పులు విడిచి, కాళ్ళు దగ్గరగా పెట్టుకుని, పరీక్షకు వచ్చిన పిల్లవాడిలా కూర్చున్నాడు. పూనా నుంచి వచ్చానన్నాడు. హిందీలో మరాఠీ కలిపి మాట్లాడుతున్నాడు. ముందు బోధన్ పోయాడట, అక్కడ ఒక ముసలాయన విషయం వినగానే తలుపు వేసుకున్నాడట. తర్వాత ఎడపల్లి పోయాడట, అక్కడ ఇంకొక ముసలాయన కుక్కను విడిచిపెట్టాడట. కుక్క కరవలేదు గాని వాకిలి దాకా సాగనంపిందని చెప్పి పాంటు మీద గీరుకుపోయిన చోటు చూపించాడు. ఊళ్ళో ఎవరో నా పేరు చెబితే ఇట్లా వచ్చాడు. ఆ ఇద్దరు ముసలివాళ్ళెవరో నాకు వెంటనే తెలిసిపోయింది. వీళ్ళిద్దరి దగ్గరికీ తిరిగిన మనిషంటే పని ఒక్కటే అయి ఉంటుంది. ఏమీ చెప్పొద్దని మా ఆయనకు కళ్ళతో సైగ చేశాను. ఆయన దానికి టీ పెట్టమని అర్థం చెప్పుకుని లోపలికి పోయాడు.

పూనా మనిషి బల్ల మీద ఫోను పెట్టి ఒక ఫోటో చూపించాడు. చెరుకు బండ్లు నిలబడ్డ బాట మీద పసుపు రంగు కారు, మనిషి నడుముకన్నా ఎత్తు లేనిది. దాని పక్కన మోకాళ్ళ దాకా లాగు వేసుకున్న పొడుగాటి తెల్ల మనిషి నవ్వుతున్నాడు. ఆ పక్కన తెల్ల ధోతిలో ఇంకొకాయన చేతులు కట్టుకుని, ఫోటో తీసేవాడు తన దగ్గర ఏదో కాజేయబోతున్నట్టు చూస్తున్నాడు. ముఖం మసకగా ఉన్నా ఆ చూపును బట్టే గుర్తుపట్టాను. మా పెద్దబాపు, అంటే మా బాపుకు అన్న. ఆ తెల్ల మనిషి కూతురు ఇప్పుడు జర్మనీలో ఉందట, ఫోటో ఆమె పంపిందట. ఈ కారు ఇంకా ఉందా అని అడిగాడు పూనా మనిషి. నేను జవాబు చెప్పేలోపే రెండో ప్రశ్న అడిగాడు, ఇంజిన్ ఉందా అని.  ఆ కారుకు ఇంజిన్ లేదన్న సంగతి బోధన్, ఎడపల్లి దాటి ఎవరికీ తెలియదు. పూనా వాడికి దాని మీద అనుమానం ఎందుకు వచ్చింది?

ఈ అనుమానం సంగతి కొంచెం చెప్పాలి. చెరుకు పండించే ఇంట్లో పుట్టినవాళ్ళకు ఇది ఉగ్గుపాలతోనే వస్తుంది. ఫ్యాక్టరీ నడిచే రోజుల్లో మా బండ్లు కాంటా ఎక్కేటప్పుడు పెద్దబాపు ఎద్దుల వైపు, మా బాపు వెనక వైపు నిలబడేవాళ్ళు. ఎవరూ కాంటా పలక మీద కాలు మోపకుండా, బండికి చెయ్యి ఆనించకుండా కాపలా అన్నమాట. అక్కడ మోసం జరగడం నేనైతే ఒక్కసారీ చూడలేదు. తూకం తక్కువ చూపిస్తే పెద్దబాపుకు అనుమానం వచ్చేది. ఎక్కువ చూపిస్తే ఎందుకు ఎక్కువ చూపించారని ఇంకా పెద్ద అనుమానం వచ్చేది. మా దిక్కు ఇంకొక పద్ధతి కూడా ఉండేది. ఇద్దరు కలిసి బెల్లం నిలవ పెడితే ఆ కొట్టుకు రెండు తాళాలు వేసేవాళ్ళు. ఎవరి తాళంచెవి వాళ్ళ మొలతాడుకు ఉంటుంది, ఇద్దరూ వస్తే తప్ప తలుపు తెరుచుకోదు. పొత్తు వ్యాపారంలో దాన్ని ఎవరూ అవమానం అనుకోరు, రేపు మాట రాకుండా ఉంటుందంటారు. దోస్తుల మధ్య మాత్రం అట్లాంటి తాళం ఎవరూ వేయరు.

పెద్దబాపు ఈ లోకంలో అనుమానించని మనిషి ఒక్కడే ఉండేవాడు. బోధన్‌లో కట్టెల దుకాణం నడిపే చాచా. ఇద్దరూ ఒకే బడిలో చదువుకున్నారు, ఒకే పంతులు చేత దెబ్బలు తిన్నారు. చాచా చెవి మీద ఎప్పుడూ పెన్సిలు ముక్క ఉండేది, ఆయన పక్కన కూర్చుంటే టేకు పొట్టు వాసన వచ్చేది. రంజానుకు చాచా ఇంటి నుంచి పెద్ద గిన్నెలో షీర్ ఖుర్మా వచ్చేది. దసరాకు చాచా ఎడపల్లి వచ్చి పెద్దబాపు చేత జమ్మి ఆకు పెట్టించుకుని కౌగిలించుకుని పోయేవాడు. ఆయన తెచ్చిన గిన్నెలోకి మాత్రం పెద్దబాపు తొంగి చూసేవాడు కాదు. మిగతా ఎవరి ఇంటి నుంచి ఏది వచ్చినా మూత తీసి వాసన చూసేవాడు.

జర్మన్ సాబ్ వచ్చింది నేను బడికి పోయే రోజుల్లో. ఫ్యాక్టరీలో కొత్త మిషన్లు బిగించడానికి వచ్చిన ఇంజనీరు. తన కారును ఓడ మీద బొంబాయికి తెప్పించుకుని అక్కడి నుంచి తానే నడుపుకుంటూ బోధన్ వచ్చాడు. మా పిల్లలకు ఆ కారు ఒక పెద్ద వినోదం. ఇద్దరే కూర్చోవచ్చు. పైకప్పు ఊడదీసి వెనక డిక్కీలో పెట్టుకోవచ్చు. పొద్దుగూకగానే ముందు భాగంలో దాచిపెట్టిన దీపాలు కప్ప కండ్లలా పైకి లేచేవి, దాని కోసమే మేము బాట పక్కన కాచుకుని కూర్చునేవాళ్ళం. ఒక వానకాలం అది ఎడపల్లి కాలువ గట్టు కింద బురదలో దిగబడింది. పెద్దబాపు తన ఎద్దులను కట్టి బయటికి లాగాడు. అప్పటి నుంచి జర్మన్ సాబ్ మా ఇంటికి చెరుకు రసం తాగడానికి వచ్చేవాడు. చాచా దుకాణంలో కూర్చుని కట్టె చెక్కేవాడు. ముగ్గురికీ కలిసే భాష ఒక్కటీ లేదు, అయినా పొద్దు గడిచేది.

ఒకరోజు బోధన్ అంగడి నుంచి వస్తున్న మా పెద్దమ్మను జర్మన్ సాబ్ కారులో ఎక్కించుకొచ్చాడు. మా పెద్దమ్మ కారు దిగి, చీర సర్దుకుని, అందరూ విమానం దిగినదాన్ని చూసినట్టు చూస్తుంటే ముఖం చిట్లించింది. నేల మీద కూర్చున్నట్టే ఉంది గాని బాగానే ఉరికిందన్నది. తర్వాత వీపు తడుముకుంటూ, పొయ్యికి ఆనుకుని కూర్చున్నట్టు వీపంతా కాలిపోయిందని, చెవి వెనకనే గానుగ తిరిగినట్టు మోత అని చెప్పింది. వాళ్ళ చలి దేశంలో వెచ్చదనం కోసం అట్లా పెట్టుకుంటారేమో అన్నాడు మా బాపు. ఆ మాట అక్కడితో అయిపోయింది.

తల్లికి బాగా లేదని కబురు వచ్చి జర్మన్ సాబ్ ఉన్నపళంగా బయలుదేరాడు. కారును చాచా షెడ్డులో పెట్టించాడు, ఎందుకంటే బోధన్‌లో వాన పడని, ఎలుకలు తిరగని చోటు అదొక్కటే. పెద్దబాపు అరచేతిలో కారు తాళంచెవి పెట్టి, దాని మీద చాచా చెయ్యి పెట్టి, రెండు చేతుల మీద తన చెయ్యి పెట్టాడట. తిరిగి వస్తానన్నాడని పెద్దబాపు అర్థం చేసుకున్నాడు. చాచా మాత్రం ఒక్క మాట అన్నాడట, ఇది అమానత్ అని. నమ్మి దాచమని ఇచ్చిన వస్తువు. అమానత్‌ను వాడుకోకూడదు, అమ్ముకోకూడదు, పోగొట్టుకోకూడదు. ఇచ్చినవాడు రానంత కాలం అది మెడ మీద ఉన్న బరువే. జర్మన్ సాబ్ మళ్ళీ రాలేదు.

ఇక నా పెళ్ళి. మా పెద్దబాపుకు ఆడపిల్లలు లేరు, నన్నే తన బిడ్డ అనుకున్నాడు. పెళ్ళికొడుకును బస్టాండు నుంచి విడిది దాకా జర్మన్ కారులో ఊరేగిస్తూ తేవాలని ఆయనకు పట్టుదల పుట్టింది. చాచా వద్దన్నాడు. ఇది అమానత్, పటేల్, ముట్టుకోవద్దు అన్నాడు పెద్దబాపుతో. ఒక్క పూట ముట్టుకుంటే ఏమవుతుంది, ఉన్న చోట ఉన్నట్టే తెచ్చి పెడతానన్నాడు పెద్దబాపు. చాచా ఇంకో రెండుసార్లు వద్దని ఊరుకున్నాడు. నాకు పెళ్ళి కానుకగా తానే చేసిన టేకు అల్మారాను బండి మీద పంపించి, తాను షెడ్డు తలుపు తీసి నిలబడ్డాడు. కారు నడపడానికి మా ఊరి లారీ డ్రైవరును పిలిచారు. కార్ల విషయంలో మా దిక్కు ఆయన మాటకు తిరుగులేదు.

డ్రైవరు తాళంచెవి తిప్పాడు. ఉలుకూ పలుకూ లేదు. ముందు మూత లేపాడు. అక్కడ ఇంజిన్ లేదు, ఒక అదనపు చక్రం, మడతపెట్టిన గుడ్డ ఉన్నాయి. చుట్టూ ఉన్నవాళ్ళు ముఖముఖాలు చూసుకున్నారు. డ్రైవరు నవ్వి, జర్మన్ వాళ్ళ కార్లలో ఇంజిన్ వెనక ఉంటుందని చెప్పాడు. బోధన్ డాక్టరు గారికి ఉండే తాబేలు లాంటి కారు అందరికీ తెలిసిందే, దాని ఇంజిన్ వెనకే ఉండేది. అందరి ప్రాణం కుదుటపడింది. వెనక మూత లేపాడు. అక్కడ పైకప్పు పెట్టుకునే కొక్కేలున్న ఖాళీ పెట్టె ఉంది. ఆ రెండు మూతల నడుమ, సీట్ల వెనక, సన్నటి నల్ల జాలీ ఒకటి ఉంది. దాన్ని గాలి ఆడటానికి పెట్టిన జాలీ అనుకున్నారు. కిందికి వంగి చూద్దామంటే టైర్లు గాలి దిగి కారు కడుపు నేలకు ఆనుకుని ఉంది. డ్రైవరు చేతులు తుడుచుకుని ఇంజిన్ లేదు పటేలా అన్నాడు. పెళ్ళివాళ్ళు, దారిన పోయేవాళ్ళు, కట్టె కోసేవాళ్ళు అంతా గుమిగూడి ఉన్నారు. పెద్దబాపు చాచా వైపు తిరిగాడు. అరవలేదు.

"వద్దు వద్దన్నది గిందుకేనా భాయ్?"

చాచా ముఖం ఎర్రబడి తర్వాత తెల్లబడిందని చూసినవాళ్ళు చెప్పారు. ఆయన దుకాణంలోకి పోయి కూర్చున్నాడు. పెండ్లి భోజనానికి రాలేదు. ఆయనకు ఇష్టమని మా పెద్దమ్మ వేరే గిన్నెలో తీసిపెట్టిన భక్షాలు అట్లాగే మిగిలిపోయాయి. మా ఆయన అంబాసిడర్‌లో వచ్చాడు. ఆ రోజు సంగతి ఇప్పటికీ ఆయన నవ్వుతూ చెబుతాడు, నా ఇంజిన్ పెండ్లిలోనే పోయింది అని. నాకు ఎప్పుడూ నవ్వు రాలేదు. అల్మారా తలుపు తీసినప్పుడల్లా ఆ టేకు వాసన వస్తుంది, తినకుండా పోయిన చాచా గుర్తొస్తాడు.

మర్నాడే పెద్దబాపు బోధన్ పోయి షెడ్డు తలుపుకు తన తాళం వేసి వచ్చాడు. అది చూసి చాచా దాని పక్కన ఇంకొక కొండీ కొట్టించి తన తాళం వేశాడు. ఇక ఆయన లేకుండా ఈయన తెరవలేడు, ఈయన లేకుండా ఆయన తెరవలేడు. మెకానిక్‌ను పిలిచి ఒకసారి చూపిద్దామని మా బాపు అంటే, మెకానిక్ కూడా వాళ్ళలో ఒకడైతే ఎట్లా అన్నాడు పెద్దబాపు. చాచాను ఎవరైనా అడిగితే ముందు ఆయన తాళం తీయమనండి అనేవాడు. జమ్మి ఆకు ఆగిపోయింది, ఖుర్మా గిన్నె ఆగిపోయింది. బోధన్ బజారులో చాచాకు ఇంజిన్ సాబ్ అని పేరు పడింది. నవ్వులాటకు అన్న పేరే, కాని అది ఆయన దుకాణం పేరు కంటే ముందు ఊరంతా తెలిసిపోయింది. ఆయన కొడుకులు దుబాయి పోయి వచ్చి ఇల్లు పెద్దది కట్టినా, ఇంజిన్ సాబ్ ఇల్లు ఏదంటేనే ఆటోవాళ్ళు తీసుకుపోయేవాళ్ళు. ఫ్యాక్టరీ మూతబడింది. మా బాపు పోయాడు, పెద్దమ్మ పోయింది, చాచీ పోయింది. తాళాలు మాత్రం అట్లాగే ఉన్నాయి.

ఇదంతా మా ఆయన టీ తెచ్చి పెట్టేలోపు నా తలలో తిరిగింది. ఆయన టీ కప్పు అందిస్తూ, ఇంజిన్ ఎప్పుడో పోయిందని పూనా మనిషికి కథంతా చెప్పేశాడు. పూనా మనిషి శ్రద్ధగా విని, ముందు మూత తెరిచారా, వెనక మూత తెరిచారా అని అడిగాడు. రెండూ అన్నాడు మా ఆయన. అతను నవ్వుకున్నాడు. ఆ నవ్వు నాకు అస్సలు నచ్చలేదు. ఇంజిన్ లేని కారును తుక్కు కింద కొట్టేయాలని చూస్తున్నాడని రూఢి చేసుకున్నాను. అసలు నువ్వెవరు, నీకేం పని అని సూటిగానే అడిగాను. తాను కొనేవాడిని కానన్నాడు. ఈ రకం కార్లు ఎక్కడెక్కడున్నాయో, ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి పోయాయో వెతికి రాసుకోవడం తన పిచ్చి అన్నాడు.

తర్వాత ఆ కారు పుట్టుక చెప్పాడు. జర్మనీలో రెండు కంపెనీలు కలిసి దాన్ని తయారుచేశాయట. ఒకటి మామూలు జనం కార్లు చేసేది, ఇంకొకటి పందెం కార్లు చేసేది. రెండింటి పెద్దమనుషులూ చేతిలో చెయ్యి వేసుకుని మాట అనుకున్నారు, కాగితం రాసుకోలేదు. కారు బయటికి రాకముందే ఒకాయన పోయాడు. ఆ కుర్చీలోకి వచ్చినాయన ఆ మాట ఎక్కడుందో చూపించమన్నాడట. అక్కడి నుంచి అలకలు మొదలయ్యాయి, ధర పెరిగింది, కొన్నేండ్లకు చేయడమే ఆపేశారు. అందులో ఈ పెద్ద ఇంజిన్ రకం మరీ కొద్దిగా చేశారట. నమ్మకం మీద మొదలై అనుమానంలో పడిన కారు అన్నమాట. మా పెద్దబాపు దగ్గరికి కాక ఇంకెక్కడికి పోతుంది అనిపించింది. ఇంజిన్ సంగతి ఏమిటంటే మాత్రం అతను చెప్పలేదు. నోటితో చెబితే మీరు నమ్మరు, తలుపు తెరిపించండి చాలు అన్నాడు. ఫోనులో వెతికితే దొరికేది కదా అని తర్వాత అందరూ నన్ను అడిగారు. దొంగతనం జరిగిందని తేలిపోయిన వస్తువు ఎక్కడుండాలో ఫోనులో ఎవరు వెతుకుతారు?

ఎడపల్లి పోతే పెద్దబాపు మంచం మీద కూర్చుని వేప పుల్ల నములుతున్నాడు. ఎనభై దాటినా వచ్చినవాళ్ళ చేతుల వైపే ముందు చూస్తాడు. విషయం చెప్పగానే, ఆ పూనా వాణ్ణి బోధన్ ఆయనే పంపి ఉంటాడన్నాడు. నా తాళం తీయించి లోపల ఇంకేదో మాయ చేయడానికే అన్నాడు. తాళంచెవి నాకివ్వమంటే మొలతాడు మీద చెయ్యి వేసుకున్నాడు. చెవి ఎక్కడికి పోతే తానూ అక్కడికే వస్తానన్నాడు, నాక్కావలసిందీ అదే. బోధన్‌లో చాచా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చూపు తగ్గింది, చెవి మీద పెన్సిలు ముక్క మాత్రం అట్లాగే ఉంది. ఆయన కూడా ఇదంతా పటేల్ ఆడిస్తున్న నాటకం అన్నాడు. నేను లేచాను. వాకిలి దాకా పోయాక ఆయనే వెనక్కి పిలిచాడు.

"బేటీ, నాకు గా కారు అక్కెర లేదు. దొంగ అన్న పేరుతోని మట్టిలకు పోవాల్నా నేను? గంతే."

ఆ మాటకు నాకు కండ్లు చెమర్చాయి. అప్పటిదాకా నాకు కారు గురించే ఆదుర్దా. ఆ తర్వాత ఆ తలుపు తెరవకుండా ఈ మనిషి పోతే ఎట్లా అన్నదొక్కటే మిగిలింది.

అనుకున్న రోజు పెద్దబాపును, మా ఆయనను ఆటోలో ఎక్కించుకుని బోధన్ పోయాను. పూనా మనిషి ముందే వచ్చి ఉన్నాడు. చాచా కర్ర పట్టుకుని షెడ్డు ముందు నిలబడ్డాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. నువ్వు ముందు తియ్ అన్నట్టు ఇద్దరూ ఆగారు. చివరికి చాచా తన తాళం తీశాడు. పెద్దబాపు చెవి పెట్టేముందు మా ఆయనను నూనె అడిగాడు, ఇన్నేండ్లకు తాళం తుప్పు పట్టి ఉంటుందని. కాని చెవి పెట్టగానే తాళం చప్పుడు లేకుండా ఊడి చేతిలోకి వచ్చింది. పెద్దబాపు దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. ఇంత కాలంలో మొదటిసారి చాచాతో నేరుగా మాట్లాడాడు.

"నా తాళానికి నూనె ఎందుకేసినవ్?"

చాచా తలుపు నెట్టాడు. ప్రతి శుక్రవారం జుమ్మా నమాజు నుంచి వచ్చాక రెండు తాళాలకూ నూనె వేసేవాడని పక్క దుకాణం వాళ్ళు తర్వాత చెప్పారు. అమానత్ ఉన్న తలుపు కదా, తాళం ఎవరిదైతే ఏమిటి అనేవాడట.

లోపల టేకు పొట్టు వాసన, మాగిన చీకటి. కారు మీద చాచీ కుట్టిన బొంత కప్పి ఉంది. అది తీస్తే పసుపు రంగు, దుమ్ము కింద కొంచెం వెలిసినా, మా నిజామాబాద్ మార్కెట్లో కుప్పపోసిన పసుపు లాగే ఉంది. పూనా మనిషి కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. తర్వాత ముందు మూత జోలికి పోలేదు, వెనక మూత జోలికీ పోలేదు. సీటు వెనక ఎక్కడో చెయ్యి దూర్చి ఏదో లాగాడు. గాలి కోసం అనుకున్న ఆ నల్ల జాలీ లేచింది. ఫోను దీపం వేసి మమ్మల్ని రమ్మన్నాడు. ఆ సందులో, సీట్లకూ వెనక చక్రాలకూ నడుమ, ఇంజిన్ ఉంది. సాలెగూడు పట్టి, నల్లగా, ఎక్కడిదక్కడ ఉంది. బరువు నడుమ ఉంటే మలుపుల్లో కారు పట్టు తప్పదట, అందుకే పందెం కార్లకు ఇంజిన్ అక్కడ పెడతారట. అతను ఇంకా ఏదో చెబుతున్నాడు గాని వినేవాళ్ళెవరూ లేరు.

పెద్దబాపు వంగి, జాలీ సందులోంచి చెయ్యి పెట్టి ఇంజిన్‌ను తడిమాడు. ఎద్దు వీపు తడిమినట్టు అటూ ఇటూ తడిమాడు. చెయ్యి బయటికి తీసి మసి చూసుకున్నాడు.

"మీ పెద్దమ్మ అప్పుడే జెప్పింది. ఈపు కాలిందని. నేనే ఇనలే."

 చాచా కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని నిలబడ్డాడు. ఆయన ఇప్పుడు నాలుగు మాటలు అంటాడని, అనే హక్కు ఉందని అనుకున్నాను. ఆయన అనలేదు. కొంచెం సిగ్గుపడుతూ తన సంగతి చెప్పాడు. ఆయన కూడా అనుమానించాడట. పెళ్ళి అయిన ఏడాదే పెద్దబాపు కాలువ నీళ్ళు ఎక్కని ఎత్తు చేనుకు ఆయిల్ ఇంజిన్ పెట్టించాడు. అది జర్మన్ ఇంజినేనని, దాన్ని ముందే ఊడబీకి పెళ్ళి రోజు తన మీద నింద వేశాడని చాచా నమ్మాడు. ఒకసారి దొంగతనంగా ఎడపల్లి పోయి ఆ చేను గట్టున కూర్చుని, మోత జర్మన్ మోతేనా అని చెవి పెట్టి విన్నాడట. అది జర్మన్ మోతలాగే వినబడిందట. మా ఆయన ఆపుకోలేక నవ్వాడు. పెద్దబాపు నవ్వలేదు గాని మీసం కదిలింది.

అంతలోనే ఆయన చూపు పూనా మనిషి మీద పడింది. కళ్ళు చిన్నవి చేసి, ఇతనే ఇప్పుడు ఇంజిన్ తెచ్చి ఇక్కడ పెట్టాడేమో అన్నాడు నాతో మెల్లగా. మెల్లగా అన్నా షెడ్డంతా వినబడింది. చాచా కర్రతో తలుపు వైపు చూపించాడు.

"రెండు తాళాలున్నయి గద పటేల్. ఎట్ల పెడ్తడు?"

పెద్దబాపు తలుపు వైపు చూశాడు, చేతిలోని తాళం చూశాడు. నింద మోపి తాను వేసిన తాళమే చాచా కారును ముట్టుకోలేదనడానికి సాక్షి అయి ఇన్నేండ్లు అక్కడ వేలాడింది. ఆయనకు క్షమించమనడం రాదు, ఎప్పుడూ నేర్చుకోలేదు.  "గా దినం పెండ్లిల తినక పోయినవ్ భాయ్," అన్నాడు చివరికి, అంతకంటే ముందుకు పోలేక. చాచా ముందుకు వచ్చి ఆయన మసి చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను. పూనా మనిషి మర్యాదగా టైర్ల వైపు చూస్తూ నిలబడ్డాడు. అతని మీద నాకున్న అనుమానం అప్పుడు పోయింది, పూర్తిగా కాదు గాని చాలా మటుకు.

జర్మన్ సాబ్ ఎప్పుడో పోయాడట. వాళ్ళ కూతురు వచ్చే చలికాలం వస్తుందని, నాన్న బురదలో దిగబడ్డ చోటు చూడాలని ఉందని పూనా మనిషి చెప్పాడు. అయితే అమానత్ ఇంకా తీరలేదు. అప్పటిదాకా ఉంచాలి. కారు మీద బొంత మళ్ళీ కప్పి అందరం బయటికి వచ్చాం. చాచా తలుపు దగ్గరికి లాగి తన తాళం వేశాడు. పెద్దబాపు తన తాళాన్ని ధోతి చెంగుకు తుడిచి జేబులో వేసుకున్నాడు. ఆ పని చేస్తూ ఆయన తలెత్తలేదు. చాచా కర్ర అడ్డం పెట్టాడు.

"నీ తాళం యాడికి కొంటవోతున్నవ్?"

"ఇంకెందుకది భాయ్."

"ఎయ్యి. గది ఉంటెనే గద నువ్వు మల్ల వచ్చేది."

 పెద్దబాపు తాళం జేబులోంచి తీసి, కొండీకి తగిలించి నొక్కాడు. చాచా ఒకసారి లాగి చూసి, పడింది అన్నాడు.

ఇప్పుడు ప్రతి జుమ్మా మధ్యాహ్నం పెద్దబాపు ఎడపల్లి నుంచి ఆటోలో బోధన్ పోతాడు. ఇద్దరూ రెండు తాళాలు తీస్తారు, కారు మీద దుమ్ము తుడుస్తారు, తలుపు తెరిచి పెట్టుకుని షెడ్డు ముందు కూర్చుంటారు. పొద్దుగూకితే మళ్ళీ రెండు తాళాలు వేస్తారు. నూనె మాత్రం చాచాయే వేస్తాడు, పెద్దబాపు పక్కన నిలబడి ఎంత వేస్తున్నాడో చూస్తాడు. కారు తిరిగింది తక్కువ కాబట్టి కొంచెం బాగు చేసుకుంటే ఇంకా చాలా కాలం ఉంటుందని పూనా మనిషి చెప్పి పోయాడు. ఆ మాట వీళ్ళిద్దరి గురించి ఎవరూ చెప్పలేదు, అందుకే కాబోలు ఈ మధ్య ఆటో కొంచెం ఆలస్యమైనా పెద్దబాపు ఊరుకోవడం లేదు.